మొటిమలు వచ్చే ముఖానికి మాయిశ్చరైజర్: వైజాగ్‌ వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మార్చి దాటిందంటే చాలు, క్రీమ్ డబ్బా వెనక భాగం ఫొటో తీసి "ఇది నాకు పడుతుందా?" అని పంపేవాళ్లు పెరుగుతారు. డబ్బాలు మారతాయి కానీ సందేహాలు మారవు. అందుకే అన్నీ ఒకచోట చేర్చాను. వరుసగా చదవాల్సిన పని లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్లిపోండి. నేను డాక్టర్‌ని కాను. ఇక్కడ చెప్పేది లేబుల్ చదివి కొనడం గురించే.

## కొనాలా, వద్దా?

అసలే ఉక్క, మధ్యాహ్నానికి ముఖం జిడ్డోడుతుంది. మళ్లీ దాని మీద క్రీమ్ ఎందుకండీ?

జిడ్డు వేరు, తేమ వేరు. జిడ్డంటే నూనె గ్రంథులు వదిలే సీబమ్. తేమంటే చర్మం పైపొర పట్టి ఉంచుకునే నీరు. మొదటిది పొంగిపొర్లుతున్నా రెండోది తక్కువగా ఉండొచ్చు. జిడ్డు పోవాలని రోజుకి నాలుగైదుసార్లు ఫేస్‌వాష్‌తో రుద్దేవాళ్లకి సరిగ్గా ఇదే జరుగుతుంది. కడగగానే బుగ్గలు బిగుసుకుంటాయి, గంటలో ముక్కు మెరుస్తుంది, నోటి పక్కన పొట్టు లేస్తుంది. పైపొర అలా దెబ్బతిన్నప్పుడు మొటిమల ఎరుపు, మంట ఇంకా పెరుగుతాయి.

అలాగని అందరికీ తప్పనిసరి అని నేను అనను. ముఖం కడిగాక బిగుతుగా అనిపించకపోతే, మొటిమలకి మందేమీ రాయకపోతే, రోజంతా ఏసీలో కూర్చునే ఉద్యోగం కాకపోతే, మే నెలలో పగటిపూట తేలికపాటి సన్‌స్క్రీన్ ఒక్కటే సరిపోవచ్చు. రాత్రికి మాత్రం పల్చటి మాయిశ్చరైజర్ ఉంటే మంచిది.

మొటిమలకి డాక్టర్ అడాపలీన్ అనే పూతమందు రాసిచ్చారు, ముఖమంతా పొట్టు లేస్తోంది. మాయిశ్చరైజర్ రాస్తే మందు పనిచేయడం మానేస్తుందా?

మానదు. అడాపలీన్, ట్రెటినోయిన్, బెంజాయిల్ పెరాక్సైడ్ అన్నీ చర్మాన్ని ఎండబెట్టేవే. మొదటి వారాల్లో ఆ మంట తట్టుకోలేక చాలామంది మందునే వదిలేస్తారు. దాన్ని వదలకుండా వాడగలగడానికే మాయిశ్చరైజర్. ముందు మాయిశ్చరైజర్ రాసి ఆరాక మందు రాయడం, మందు తర్వాత మాయిశ్చరైజర్ రాయడం, రెండు పద్ధతులూ ఉన్నాయి. బాగా మండేవాళ్లు ముందూ వెనకా కూడా రాస్తారు. మందు వాడే రోజుల్లో కొనే డబ్బాలో సాలిసిలిక్ యాసిడ్, గ్లైకోలిక్ యాసిడ్, సువాసన లేకుండా చూసుకోండి. ఐసోట్రెటినోయిన్ మాత్రలు వేసుకునేవాళ్లకి పెదాలతో సహా అన్నీ ఎండిపోతాయి కాబట్టి వాళ్లకి జెల్ చాలదు, క్రీమ్ కావాలి.

గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు ఆ విషయం మందు మొదలుపెట్టకముందే డాక్టర్‌కి చెప్పాలి. ఐసోట్రెటినోయిన్ కడుపులో బిడ్డకి చాలా ప్రమాదం.

అమ్మమ్మ కొబ్బరి నూనె రాయమంటోంది. సహజమైనదే కదా?

కాళ్లకీ చేతులకీ బ్రహ్మాండంగా రాసుకోండి. మొటిమలు వచ్చే ముఖానికి వద్దు. రంధ్రాలు మూసుకుపోయేలా చేసే పదార్థాల జాబితాల్లో కొబ్బరి నూనె ఎప్పుడూ పైవరుసలోనే ఉంటుంది. అమ్మమ్మకి జీవితమంతా పడిందంటే ఆవిడది మొటిమలు రాని చర్మం అని అర్థం.

గ్లిజరిన్, రోజ్ వాటర్ కలిపి రాసుకుంటే చాలదా? ఈ డబ్బాలన్నీ ఎందుకు?

గ్లిజరిన్ నిజంగా మంచి పదార్థం, రంధ్రాలు మూయదు. పేరున్న మాయిశ్చరైజర్లలో సగం పని చేసేది అదే. అయితే చిక్కగా నేరుగా రాస్తే జిగట, పైగా రోడ్డు మీద దుమ్మంతా అంటుకుంటుంది. నీళ్లు, రోజ్ వాటర్ కలిపి సీసాలో దాచుకుంటే అందులో ప్రిజర్వేటివ్ ఉండదు, మన వేడిలో సూక్ష్మజీవులు తొందరగా పెరుగుతాయి. కలిపితే ఆ పూటకే కలుపుకోండి.

పెరట్లో కలబంద ఉంది…

మట్ట కోసినప్పుడు కారే పసుపు రసం చాలామందికి దురద పుట్టిస్తుంది. దాన్ని పూర్తిగా కారనిచ్చి, కడిగి, లోపలి గుజ్జు మాత్రం రాయాలి. కొట్లో దొరికే ఆకుపచ్చ జెల్‌కి ఆ రంగు కలబంద వల్ల వచ్చింది కాదు. దాని వెనక రంగు, సువాసన, ఆల్కహాల్ ఏ స్థానాల్లో ఉన్నాయో చూడండి.

## లేబుల్ చదివేటప్పుడు

ముందు వైపు "నాన్ కామెడోజెనిక్" అని రాసుంటే కొనేయొచ్చా?

అది మంచి సూచనే కానీ హామీ కాదు. కామెడోన్ అంటే మూసుకుపోయిన రంధ్రం, అదే మనం చూసే బ్లాక్‌హెడ్, వైట్‌హెడ్. అలాంటివి రానివ్వదని కంపెనీ చెప్పుకునే మాట అది. ఈ మాట వాడాలంటే ఫలానా పరీక్ష పాసవ్వాలనే ఉమ్మడి ప్రమాణం లేదు.

ఏ పదార్థం రంధ్రాలు ఎంత మూస్తుందో చెబుతూ ఇంటర్నెట్‌లో తిరిగే 0 నుంచి 5 మార్కుల పట్టికల సంగతీ అంతే. కాస్మెటిక్స్ వల్ల వచ్చే మొటిమల గురించి 1972లో అమెరికా చర్మ వైద్యులు రాసినప్పటి నుంచి ఈ పరీక్షలు ఊపందుకున్నాయి. వాటిలో చాలావరకు కుందేలు చెవి లోపల పదార్థాన్ని పూసి చూసినవి. కుందేలు చెవి మన ముఖం కన్నా చాలా తొందరగా స్పందిస్తుంది. పైగా అక్కడ పూసింది విడి పదార్థాన్ని. క్రీమ్‌లో అదే పదార్థం అర శాతం ఉంటే ఫలితం వేరుగా ఉంటుంది. కాబట్టి పట్టికలో 4 మార్కులున్న పేరు డబ్బాలో చివరెక్కడో కనిపించిందని టెన్షన్ పడొద్దు.

వెనక చీమల బారులా ముప్పై పేర్లు ఉన్నాయి. ఎంతవరకు చదవాలి?

మొదటి ఆరేడు పేర్లు శ్రద్ధగా చదవండి, ఆ డబ్బా ఏమిటో తెలిసిపోతుంది. మన దేశంలో 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం ఎక్కువున్న పదార్థం ముందు, తక్కువున్నది తర్వాత రాయాలి. ఒక శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని మాత్రం చివర్లో ఏ వరుసలోనైనా రాయొచ్చు.

ఆ ఒక శాతం గీత ఎక్కడుందో డబ్బా మీద చెప్పరు. పట్టుకోవడానికి ఒక చిట్కా ఉంది. ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్ కోసం వెతకండి. దాన్ని ఒక శాతానికి మించి వాడకూడదు. అంటే దాని తర్వాత వచ్చే పేర్లన్నీ ఒక శాతమో, అంతకన్నా తక్కువో. ముందు వైపు పెద్ద అక్షరాల్లో కుంకుమపువ్వు బొమ్మ వేసి, వెనక దాని పేరు ఫినాక్సీఇథనాల్ తర్వాత ఉంటే మీరు డబ్బు ఇచ్చింది బొమ్మకే. సెరమైడ్లు (చర్మం పైపొరలో ఉండే కొవ్వులు), సోడియం హయలురోనేట్ (తేమని పట్టి ఉంచేది) మాత్రం చివర్లో ఉన్నా తప్పుపట్టక్కర్లేదు, అవి కొద్దిగా ఉన్నా పనిచేసేవే.

ఏ పేర్లు కనిపిస్తే డబ్బా కింద పెట్టేయాలి?

మొదటి ఆరేడు స్థానాల్లో ఇవి ఉంటే నేనైతే కొనను: ఐసోప్రొపైల్ మిరిస్టేట్, ఐసోప్రొపైల్ పాల్మిటేట్, మిరిస్టైల్ మిరిస్టేట్, అసిటైలేటెడ్ లానోలిన్ ఆల్కహాల్, గోధుమ మొలకల నూనె, కోకో బటర్, కొబ్బరి నూనె. చివరి రెండూ లాటిన్ పేర్ల వెనక దాక్కుంటాయి. కోకోస్ న్యూసిఫెరా ఆయిల్ అంటే మన కొబ్బరి నూనె, థియోబ్రోమా కకావో సీడ్ బటర్ అంటే కోకో బటర్. మొదటి రెండూ క్రీమ్ జారుడుగా, పట్టులా అనిపించడానికి వేస్తారు. చేతి మీద రాసి చూసినప్పుడు "అబ్బ, ఎంత మెత్తగా ఉందో" అనిపించేది చాలాసార్లు వీటివల్లే.

షియా బటర్ విషయంలో ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. పొడి చర్మం మీద మొటిమలు వచ్చేవాళ్లకి పడొచ్చు. జిడ్డు ముఖానికి మన ఊళ్లో మాత్రం బరువే. ఆలివ్ నూనె కూడా ముఖానికి పనికొచ్చేది కాదు.

మరి ఏవి ఉంటే తీసుకోవాలి?

నీళ్ల తర్వాత గ్లిజరిన్ ఉంటే మంచి ఆరంభం. చర్మాన్ని మృదువుగా ఉంచడానికి స్క్వాలేన్, డైమెథికోన్. దెబ్బతిన్న పైపొరని బాగుచేయడానికి సెరమైడ్లు, పాంథెనాల్. ఎరుపు తగ్గడానికి అల్లాంటోయిన్. ఇవన్నీ ఒకే డబ్బాలో ఉండాలని లేదు, రెండు మూడు ఉన్నా చాలు.

మొటిమల చర్మానికి నేను ముఖ్యంగా వెతికేది నయాసినమైడ్. ఇది బి3 విటమిన్ రూపం. 1995లో 4 శాతం నయాసినమైడ్ జెల్‌ని మొటిమలకి రాసే యాంటీబయాటిక్ అయిన క్లిండమైసిన్ 1 శాతం జెల్‌తో పోల్చి చూశారు. ఎనిమిది వారాల తర్వాత రెండూ దాదాపు ఒకేలా పనిచేశాయి. మొటిమలు పోయాక మిగిలే నల్ల మచ్చలు తేలికపడటానికి కూడా ఇది సాయపడుతుంది. మన రంగు చర్మాల్లో మొటిమ పోయినా మచ్చ నెలల తరబడి ఉంటుంది కదా, ఇక్కడ అది పెద్ద లాభమే. 2 నుంచి 5 శాతం చాలు. 10 శాతం అని ఊదరగొట్టేవి కొందరికి మండుతాయి, ముఖం ఎర్రబడుతుంది.

"ఆల్కహాల్" అని ఉంది. భయపడాలా?

ముందు ఏ ఆల్కహాలో చూడండి. సీటైల్ ఆల్కహాల్, సీటియరైల్ ఆల్కహాల్, స్టియరైల్ ఆల్కహాల్ క్రీమ్‌ని చిక్కబరిచే మైనం లాంటి పదార్థాలు. వీటితో చర్మం ఎండదు. ఆల్కహాల్ డినాట్, ఇథనాల్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మొదటి నాలుగైదు పేర్లలో ఉంటే రాసినప్పుడు చల్లగా, హాయిగా ఉన్నా చర్మాన్ని ఎండబెడతాయి. షేవింగ్ తర్వాత రాసే నీలం రంగు లోషన్లలో ఇవే ఎక్కువ.

సువాసన ఉంటే తప్పేంటి?

సువాసన రంధ్రాలు మూయదు. కానీ మందులతో ఇప్పటికే పల్చబడిన చర్మానికి దురద, ఎరుపు తెప్పించే వాటిలో ముందుండేది అదే. లేబుల్ మీద ఫ్రాగ్రెన్స్ అనో పర్ఫ్యూమ్ అనో ఉంటుంది. పప్పులో ఇంగువలా చివర్లో ఇంత ఉన్నా తెలుస్తుంది. ఎసెన్షియల్ ఆయిల్ అని రాసినా చర్మానికి తేడా ఏమీ ఉండదు.

మినరల్ ఆయిల్, సిలికాన్ రెండూ రంధ్రాలు మూసేస్తాయని విన్నాను.

కాస్మెటిక్స్‌లో వాడే శుద్ధి చేసిన మినరల్ ఆయిల్ గానీ, పెట్రోలాటం (పెట్రోలియం జెల్లీ) గానీ, డైమెథికోన్ అనే సిలికాన్ గానీ మొటిమలు పుట్టించవు. పెట్రోలాటం మన ఉక్కలో ముఖం మీద చెమటతో కలిసి చిరాకు పెడుతుంది, అది వేరే సంగతి. పెదాలకి, పగిలిన మడమలకి అది బంగారం.

"ఆయిల్ ఫ్రీ" అంటే సేఫేనా?

నూనె లేదన్న మాట నిజమే కావచ్చు. ఐసోప్రొపైల్ మిరిస్టేట్ నూనె కాదు కాబట్టి ఆయిల్ ఫ్రీ డబ్బాలో కూడా ఉండొచ్చు. వెనక్కి తిప్పి చూడాల్సిందే.

## కొట్లో నిలబడ్డప్పుడు

జెల్, లోషన్, క్రీమ్: నాకు ఏది?

ఎండలో తిరిగే పని, బాగా జిడ్డు ముఖం అయితే జెల్. రుషికొండ ఐటీ ఆఫీసుల్లోనో మరెక్కడో రోజంతా ఏసీ కింద కూర్చునేవాళ్లకి జెల్ రాసిన రెండు గంటలకే బిగుతు మొదలవుతుంది, వాళ్లకి పల్చటి లోషన్ నయం. మొటిమల మందు వాడుతూ పొట్టు లేస్తుంటే సువాసన లేని క్రీమ్. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ నెలలు జెల్, లోషన్‌తోనే గడిచిపోతాయి. డిసెంబర్, జనవరిలో కాస్త చిక్కటిది అవసరం కావచ్చు. అరకు, లంబసింగి వెళ్తుంటే తప్పకుండా కావాలి. కోల్డ్ క్రీమ్ మాత్రం ముఖానికి వద్దు.

ఇంత చెప్పే బదులు ఒక బ్రాండ్ పేరు చెప్పొచ్చుగా?

చెప్పను. డబ్బా అదే, పేరు అదే, లోపలి పదార్థాలు మాత్రం కంపెనీలు మార్చేస్తూ ఉంటాయి. పోయినేడు ఫలానాది మంచిదని విన్నవాళ్లు ఈ ఏడు వేరే క్రీమ్ కొంటారు. మీరు వాడేదే మళ్లీ కొంటున్నా పాత డబ్బా ఫొటోతో పోల్చి చూసుకోండి.

ఖరీదైనది కొంటేనే పడుతుందా?

గ్లిజరిన్, డైమెథికోన్, నయాసినమైడ్ ఏవీ ఖరీదైన పదార్థాలు కావు. డబ్బా ధర కాకుండా గ్రాము ధర లెక్కేయండి. 50 గ్రాములు 300 రూపాయలంటే గ్రాము 6 రూపాయలు, 100 గ్రాములు 400 అంటే గ్రాము 4. వేలు పెట్టి తీసే గాజు డబ్బా కన్నా ట్యూబ్, పంప్ శుభ్రం. మూత తెరిచిన డబ్బా బొమ్మలో 6 అనో 12 అనో అంకె ఉంటుంది, తెరిచాక అన్ని నెలలు వాడొచ్చని దానర్థం.

మెడికల్ షాపులో ఒక ట్యూబ్ ఇచ్చారు. వారంలో మొటిమలు పోయి ముఖం తెల్లగా అయింది. దాన్నే మాయిశ్చరైజర్‌లా రోజూ రాయొచ్చా?

వద్దు. ముందు ట్యూబ్ మీద క్లోబెటాసోల్, బీటామెథసోన్, మొమెటసోన్, ఫ్లువోసినోలోన్ ఈ నాలుగిట్లో ఏదైనా ఉందేమో చూడండి. ఇవి స్టెరాయిడ్లు. మొదట్లో ఎరుపు తగ్గి, రంగు తేలి, అద్భుతంలా కనిపిస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, ఎర్రటి నరాలు తేలతాయి, ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి, ఆపగానే మంటతో మొటిమలు విరుచుకుపడతాయి. ఈ ఒక్క కారణం వల్లే చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లేవాళ్లు మన దేశమంతటా ఉన్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పూతమందులు చాలావాటిని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా "కాలేజీ అమ్మాయిలంతా ఇదే తీసుకెళ్తున్నారమ్మా" అంటూ కౌంటర్ మీద పెట్టేవాళ్లు ఉన్నారు. చాలాకాలంగా రాస్తుంటే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకుండా చర్మ డాక్టర్‌ని కలవండి, ఎలా తగ్గించాలో చెబుతారు.

పదార్థాల పట్టిక, లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్ లేని తెల్లబడే క్రీమ్ ఎవరు బహుమతిగా ఇచ్చినా ముఖానికి రాయొద్దు. వాటిలో పాదరసం కూడా దొరికిన సందర్భాలున్నాయి.

## వాడటం మొదలుపెట్టాక

కొత్తది నేరుగా ముఖమంతా రాసేయొచ్చా?

చెవి కింద, దవడ పక్కన చిన్న చోట వారం రోజులు రాత్రిపూట రాసి చూడండి. మంట, దురద ఉంటే రెండు మూడు రోజుల్లోనే తెలుస్తుంది. రంధ్రాలు మూసుకుంటున్నాయో లేదో తెలియడానికి మాత్రం కొన్ని వారాలు పడుతుంది. అందుకే ఒకేసారి ఫేస్‌వాష్, సీరమ్, మాయిశ్చరైజర్ మూడూ మార్చకండి. తేడా వస్తే దేనివల్లో తేలదు.

ఎంత రాయాలి, ఎప్పుడు?

రెండు శనగగింజలంత. ముఖం కడిగి, తువ్వాలుతో అద్దుకుని, కాస్త తడిగా ఉండగానే. పొద్దున దాని మీద సన్‌స్క్రీన్. మాయిశ్చరైజర్ డబ్బా మీద ఎస్‌పీఎఫ్ 15 అని ఉన్నా బీచ్ రోడ్డు ఎండకి అది చాలదు, విడిగా ఎస్‌పీఎఫ్ 30 కావాలి.

మంచి మాయిశ్చరైజరే వాడుతున్నా నుదుటి మీదే మొటిమలు వస్తున్నాయి.

తలనూనె మీద అనుమానపడండి. రాత్రి పెట్టిన నూనె తెల్లారేసరికి నుదుటికి, దిండు గలేబుకి చేరుతుంది. తలస్నానానికి గంట ముందు పెట్టి కడిగేసుకోండి, గలేబు తరచుగా మార్చండి. గడ్డం, దవడ దగ్గర మాత్రమే వస్తుంటే బైక్ హెల్మెట్ స్ట్రాప్ చూడండి. గాజువాక వైపు ఫ్యాక్టరీల్లో మెషిన్ ఆయిల్, గ్రీజు మధ్య పనిచేసేవాళ్లకి ఆ నూనెలతోనే ముఖం, చేతుల మీద పొక్కులు రావచ్చు. డ్యూటీ దిగగానే కడుక్కోవడం ఏ క్రీమ్ కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

ఆర్కే బీచ్‌కి వెళ్లొచ్చిన రోజు ముఖం బరబరలాడుతుంది. ఏం చేయాలి?

ఉప్పునీరు ఆరిపోయి చర్మాన్ని లాగుతుంది. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి మాయిశ్చరైజర్ రాయండి. ఆ రాత్రికి అడాపలీన్ లాంటి మందు ఒక పూట ఆపినా ఏమీ కాదు.

## తేడా వచ్చినప్పుడు

మొదలుపెట్టగానే మొటిమలు పెరిగాయి. ఇది "పర్జింగ్", ఓపిక పట్టమంటున్నారు.

మామూలు మాయిశ్చరైజర్‌కి పర్జింగ్ ఉండదు. చర్మం పైపొర తొందరగా రాలేలా చేసే రెటినాయిడ్లు (అడాపలీన్, ట్రెటినోయిన్ లాంటివి), సాలిసిలిక్ లాంటి యాసిడ్లు వాడినప్పుడు మాత్రమే లోపలున్న మొటిమలు ముందే పైకి వస్తాయి. గ్లిజరిన్, డైమెథికోన్ ఉన్న క్రీమ్‌తో కొత్త మొటిమలు వస్తుంటే అది మీకు పడలేదనే. ఆపేయండి. డబ్బా వృథా అవుతుందనుకుంటే మోచేతులకి రాసుకోండి.

నుదుటి మీద, ఛాతీ మీద ఒకే సైజు చిన్న పొక్కులు, దురద కూడా. మొటిమల మందుకి తగ్గట్లేదు.

ఇది మలసీజియా అనే ఈస్ట్ వల్ల వచ్చే ఫాలిక్యులైటిస్ (వెంట్రుకల కుదుళ్ల వాపు) కావచ్చు, ఫంగల్ యాక్నే అంటున్నది దీన్నే. చెమట, ఉక్క దీనికి అనువైన వాతావరణం కాబట్టి మన తీరంలో కొత్తేమీ కాదు. దీనికి యాంటీఫంగల్ మందు కావాలి, యాంటీబయాటిక్ వాడితే పెరగొచ్చు కూడా. ఈ ఈస్ట్‌కి కొవ్వు ఆమ్లాలంటే ఇష్టం. అందుకే ఇది తగ్గేదాకా మొక్కల నూనెలు ఉన్న క్రీములు మాని గ్లిజరిన్, స్క్వాలేన్, డైమెథికోన్‌తో చేసిన వాటికి పరిమితం కండి. నిర్ధారణ మాత్రం డాక్టరే చేయాలి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? ఏం తీసుకెళ్లాలి?

లోతుగా, నొప్పిగా, గడ్డల్లా వస్తుంటే, గుంటలు పడుతుంటే, రెండు మూడు నెలలైనా తగ్గకపోతే వెళ్లండి. దవడ చుట్టూ వస్తూ నెలసరి కూడా క్రమం తప్పితే ఆ విషయం తప్పక చెప్పండి, హార్మోన్ల పరీక్షలు అవసరం కావచ్చు. ప్రైవేటు ఫీజు భారమైతే ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో చర్మ వ్యాధుల విభాగం ఉంది, ఉదయం ఓపీకి వెళ్లండి.

ముఖానికీ తలకీ రాస్తున్నవన్నీ, నూనె సీసాతో సహా, వెనక పదార్థాల పట్టిక కనిపించేలా ఫొటోలు తీసుకెళ్లండి. ఆ రోజు మేకప్ వేసుకోవద్దు. మెడికల్ షాపువాళ్లు ఇచ్చిన ట్యూబ్ వాడి ఉంటే, అది ఖాళీ అయినా సరే, బ్యాగులో వేసుకెళ్లి చూపించండి.